బతుకురాయికి ఒక్క చుక్క నీళ్ళు

మత్తయికి రాళ్ళ విషయంలో కాస్త పొగరుండేది. ఉండదూ మరి! రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే రోడ్డులో శిరివెళ్ళ దగ్గరి ముక్క అతనిదే. దారి పక్కన పోసిన కంకర కుప్పలోంచి ఒక రాయి తీసి, అరచేతిలో ఎగరేసి పట్టుకుని, అది ఏ క్వారీ నుంచి వచ్చిందో చెప్పేసేవాడు. మెత్తరాయి కలిపి తోలిన కాంట్రాక్టరు అతన్ని చూస్తే పక్కకు తప్పుకునేవాడు.

అలాంటి మత్తయి ఒకనాడు ప్రాణమున్న చెట్టును గులకరాయి అనుకుని బస్సు కిటికీలోంచి బయటికి పారేశాడు. పొగరు అణిగిందీ, బతుకు మలుపు తిరిగిందీ ఆ కిటికీ దగ్గరే.

అది 1981 డిసెంబరు. క్రిస్మస్ సెలవులు ఇచ్చిన రోజు. ఆళ్ళగడ్డలో స్నేహితుడి ఇంట్లో విందుకని మత్తయి కొత్త బూట్లు తొడుక్కుని నంద్యాలలో బస్సెక్కాడు. అతని ముందు సీట్లో ఒక అమ్మాయి కూర్చుంది. నూలు చీర, ఒళ్ళో గుడ్డసంచి, కాళ్ళ దగ్గర రెండు డాల్డా డబ్బాలు. ఆమె మాటిమాటికీ వంగి ఆ డబ్బాలను చూసుకుంటూంటే మత్తయి గమనించాడు. నిజం చెప్పాలంటే గమనించింది డబ్బాలను కాదు, వంగినప్పుడల్లా ముందుకు జారే ఆమె జడను.

శిరివెళ్ళ దాటాక రోడ్డుకు ఎనుముల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కి, మళ్ళీ ఒక్క ఉదుటున బండి కదిలించాడు. ఒక డబ్బా దొర్లుకుంటూ వచ్చి మత్తయి కొత్త బూట్ల మీద బోర్లా పడింది. అందులోంచి ఇసుక, సన్న కంకర కుప్పగా రాలాయి. బస్సులో కంకరేమిటని విసుక్కుంటూ మత్తయి గుప్పెడు ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరాడు.

"ఏయ్! ఏందప్పా నువ్వు చేసింది?" అమ్మాయి లేచి నిలబడింది.

"కాళ్ళకింద కంకర పడింటే తీసి పారేసినా. ఎవరన్నా జారిపడితే?"

"అది కంకర గాదు, చెట్టు!"

మత్తయి కిందికి చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. "చెట్టా? యాడ? కొమ్మలేవి? ఆకులేవి?"

"ఆకులే అవి! రెండే ఆకులుంటాయి దానికి."

"చూడమ్మా, పొద్దున లేస్తే రాళ్ళతో బతికేటోణ్ణి నేను. రాయంటే ఏందో నాకు తెల్దా?"

"తెల్దు గాబట్టే పారేసినావు!"

బస్సంతా గొల్లున నవ్వింది. మత్తయి చెవులు ఎర్రబడ్డాయి. కండక్టరు శ్రీనివాసులు విజిలు ఊది బస్సు ఆపించాడు. ఆ అమ్మాయి, ప్రతి శనివారం ఈ దారిన పోయే లూదియా టీచరు, అతనికి ఎరుకే.

"టీచరమ్మా, కాసేపే. ఎక్కువసేపు ఆపితే డిపోలో నాకు అక్షింతలు పడ్తాయి."

సగం బస్సు దిగింది. రోడ్డు పక్కన చూస్తే ఏముంది? కొత్తగా రోడ్డు వెయ్యడానికి మత్తయి స్వయంగా కొలిచి పోయించిన కంకర కుప్పలు, బారులు తీరి. వాటి మధ్య రాలిన గులకరాళ్ళు. లూదియా రెండు చేతులూ చాపి అందరినీ ఆపింది.

"తొక్కొద్దండీ! చూసి అడుగెయ్యండి."

"ఏం చూసి అడుగెయ్యాల తల్లీ, అన్నీ రాళ్ళే గదా," అన్నాడొక పెద్దాయన.

"మేకపిల్ల గిట్ట మాదిరి ఉంటాది. పైన చీలిక. బూడిద రంగు, సన్న మచ్చలు."

అంతే, తలా ఒక రాయి పట్టుకొచ్చారు. ఇదేనా అమ్మా, ఇదేనా అమ్మా అని. ఒకావిడ ఎండిన మేకపెంటిక కూడా తెచ్చింది. లూదియా ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని చూసి, కాదని తలూపింది. చివరికి విజిలు మోగింది. మిగిలిన డబ్బాను గుండెకు హత్తుకుని బస్సెక్కేటప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

అవి చూసి మత్తయి ఫుట్‌బోర్డు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రైట్ చెప్పన్నా. నేనీడే దిగుతాండా."

"నీకు ఆళ్ళగడ్డ దాకా టికెట్ ఉండాదప్పా," అన్నాడు శ్రీనివాసులు.

"ఉండనీలే."

బస్సు కదిలింది. కిటికీలోంచి లూదియా ఒకసారి వెనక్కి చూసింది. అది కోపమో, జాలో తెలియలేదు. పొద్దు వాలేదాకా వెతికి, అనుమానం తగిలిన రాళ్ళన్నీ జేబుల్లో నింపుకుని మత్తయి శిరివెళ్ళలోని తన అద్దె గదికి నడిచి పోయాడు. కొత్త బూట్లు కరిచాయి.

మర్నాడే ఆళ్ళగడ్డ వెళ్ళాడు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. లూదియా తండ్రి జకరయ్య పెద్దబడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమంది ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్ళే.

"వందనాలు సార్. బస్సులో మీ అమ్మాయి చెట్టును... పారేసింది నేనే."

జకరయ్య కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "లూదియా! నీ దొంగ వచ్చినాడు."

మత్తయి పంచలో పేపరు పరిచి జేబులు బోర్లించాడు. లూదియా గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"ఇది రాయి. ఇదీ రాయే. ఇది కూడా."

"దానికి చీలిక ఉండాది గదా?"

"పగిలిన రాయి."

"మరి ఈ మచ్చల్ది?"

"తారు అంటుకున్న రాయి. నీ రోడ్డుదే."

జకరయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మత్తయి మొహం చిన్నబోవడం చూసి లూదియాకు కొంచెం కనికరం కలిగింది. లోపలికి పోయి రెండో డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

మత్తయి వంగి చూశాడు. ఇసుకలో సగం పూడుకుని, చుట్టూ గులకరాళ్ళ మధ్య ఇంకో గులకరాయి. వేలితో తాకాడు. గట్టిగా ఉంది, కానీ రాతి గట్టిదనం కాదది. వేలికింద అతి కొంచెంగా ఒదిగింది. గబుక్కున చెయ్యి తీసేశాడు.

"ఇంగ్లీషులో లివింగ్ స్టోన్స్ అంటారు. మా స్కూలు పిల్లోళ్ళు బతుకురాళ్ళు అని పేరు పెట్టినారు," అంది లూదియా. "దక్షిణాఫ్రికా ఎడార్లల్లో ఉంటాయంట. పశువులు తినకుండా రాళ్ళల్లో కలిసిపోతాయి. మా హాస్టలు వార్డెను దొరసాని తన దేశం పోయినాక కవర్లో చిటికెడు ఇత్తనాలు పంపింది. మొలిచినాయి. ముద్దుగా ఉన్నాయని రోజూ నీళ్ళు పోసినా. పోసి పోసి నేనే చంపుకున్నా. తెలివి వచ్చేసరికి ఈ రెండే మిగిల్నాయి."

"ఒకటి పోయినా ఒకటుంది గదా, టీచరమ్మా."

"ఒంటిది పూస్తాది గానీ కాయ కాయదు. ఇంకోదాని పుప్పొడి దీనికి రావాల. రెండూ కలిసి పూస్తేనే ఇత్తనం."

జకరయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అసలు సంగతి నేను చెప్తా విను. పెండ్లంటే చాలు, మా పిల్లది ఏందో ఒక సాకు. 'ఆ రాళ్ళు కాయ కాసేదాకా నా పెండ్లి మాట ఎత్తొద్దు నాయనా' అనింది. సరేలే అని మాటిచ్చినా. గుంతకల్లులో రైల్వే గార్డు, బంగారట్లా సంబంధం. వాళ్ళూ ఆగుతామన్నారు. ఇప్పుడు నువ్వొచ్చి కిటికీలోంచి పారేసినావు. ఇంగ నా బిడ్డకు ఈ జన్మలో పెండ్లి లేదు."

"నాయనా!" లూదియా డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఎతికి ఇస్తావా అప్పా?" అన్నాడు జకరయ్య, ఈసారి నవ్వకుండా. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. కూతుర్ని ఒక భద్రమైన చోట చూసుకోవాలన్నదే ఆయనకు మిగిలిన బెంగ.

"నా రోడ్డు మీదే గదా ఉండాది సార్. యాడికి పోతాది?"

అప్పటినుంచి మత్తయికి అదే పని అయింది. రోలరు డ్రైవరును బతిమాలి రోడ్డుపని అవతలి కొసనుంచి మొదలు పెట్టించాడు. ఎందుకన్నా అంటే ఏదో సాంకేతిక కారణం చెప్పాడు. కూలీలు లేని వేళ మోకాళ్ళ మీద కూర్చుని కంకర ఏరేవాడు. రోలరు మాత్రం ఆగుతుందా? రోజుకింత ఇటే జరిగివస్తోంది.

శనివారాలు లూదియా నంద్యాల నుంచి ఇంటికి పోయే బస్సు అక్కడికి రాగానే ఎందుకో నెమ్మదించేది. శ్రీనివాసులు దయ.

"దొరికిందా?" కిటికీలోంచి గొంతు.

"దొరకలే."

"సరిగ్గా ఎతుకుతాండావా?"

"నువ్వే వచ్చి ఎతుకు. నాకు రాళ్ళు తెల్దంటివి గదా!"

ఇంకో వారం, "నెత్తిన టోపీ గూడా లేదే! ఎండదెబ్బ తగిలితే ఆ పాపం నాకా?" అంటూ ఏదో విసిరింది. మత్తయి ఎగిరి పట్టుకున్నాడు. దోరజామకాయ.

"ఇది కాయేనా, లేకుంటే రాయా?"

"కొరికి చూడు!"

బస్సు పోయాక కూడా అతను ఆ జామకాయను చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. దొరకకపోతేనే బాగుంటుందేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది అప్పుడే. వెంటనే తనమీద తనకే సిగ్గేసింది.

జనవరి చివర్లో వేళకాని వాన ఒకటి పట్టుకుంది. ఆ శనివారం బస్సు నెమ్మదించడమే కాదు, ఆగింది. లూదియా గొడుగు విప్పుతూ దిగింది.

"నీళ్ళు తగిలితే కుళ్ళిపోతాది. ఈ రోజు ఇద్దరం ఎతుకుదాం. వెనక బస్సుకు పోతా."

ఒకటే గొడుగు. ఆమె దాన్ని కంకర కుప్పలమీద పట్టేది, ఇద్దరూ తడిసేవాళ్ళు. అతను ఆమెమీదికి లాగేవాడు, ఆమె మళ్ళీ కంకరమీదికి తోసేది. తడిసిన రాళ్ళన్నీ ఒకే రంగుకు తిరిగాయి. కాసేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది.

"కండ్లతో చూస్తే దొరకదు," అంది లూదియా, చీర కొంగు పిండుకుంటూ. "వాన పోయినాక, నడిమధ్యాన్నం చెయ్యి పెట్టి చూడు. ఎండకు రాళ్ళు కాలుతాయి. దానికి కడుపు నిండా నీళ్ళు గదా, అంత తొందరగా కాలదు."

మత్తయి నీళ్ళు నమిలాడు. అడగాలా వద్దా అని. అడిగేశాడు. "దొరికితే... నీకు సంతోషమేనా?"

ఆమెకు అర్థమైంది. గొడుగు కంకరమీదికి ఇంకొంచెం వంచింది.

"దాని ప్రాణం దానిది. నా పెండ్లి తప్పాలని అది చావాల్నా?"

ఆళ్ళగడ్డ బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది. గొడుగు మాత్రం అతని చేతిలోనే మరిచిపోయింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రోలరు చప్పుడు దగ్గరికొచ్చేసిన వేళ, మత్తయి కంకరలో చెయ్యి పెట్టాడు. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి, కుప్ప అంచున నీడలో ఒకదాని దగ్గర ఆగాయి. అది కాలడం లేదు.

తీసి చూశాడు. మేకపిల్ల గిట్ట. కానీ ముడతలు పడి, చర్మం వడిలి, చచ్చిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించింది. కండువాలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఇది ఆమెకు చేరితే, పూస్తుంది, కాస్తుంది. కాస్తే గుంతకల్లు.

శనివారం బస్సు నెమ్మదించింది.

"దొరికిందా?"

జేబులో బతుకురాయిని పెట్టుకుని మత్తయి అన్నాడు. "దొరకలే."

ఆ సాయంత్రమే దాన్ని తన సొంతూరు బండి ఆత్మకూరులో ఉన్న తల్లి దగ్గరికి తీసుకుపోయాడు. మట్టిమూకుట్లో ఇసుక పోసి పెట్టి, "దీన్ని ముట్టుకోవద్దమ్మా" అని చెప్పి ఆదివారం రాత్రి బస్సుకు శిరివెళ్ళ వచ్చేశాడు. ఆ వారమంతా అతనికి అన్నం సహించలేదు. తరువాతి శనివారం బస్సుకు కనిపించకుండా ముందే ఊరికి బయల్దేరాడు.

ఇంటికి పోయి చూస్తే మూకుడు నిండా బురద. బతుకురాయి పై చర్మం మెత్తబడి, నీరు కారుతోంది.

"అమ్మా! ఏం చేసినావు?"

తల్లి సలోమి బిత్తరపోయింది. "ఏం చేసినారా? ఎండిపోతాంటే పూటకిన్ని నీళ్ళు పోసినా."

"ముట్టుకోవద్దని చెప్పినా గదమ్మా!"

"ముట్టుకోలేదురా నాయనా, నీళ్ళే పోసినా. మన వాకిట్లోకి వచ్చింది ఏదైనా గొంతు తడపకుండా ఎట్ల పంపిస్తాం? ప్రాణమున్నదని నువ్వే చెప్తివి."

ఆమెను ఏమనగలడు? వానల్లేని ఊళ్ళో పుట్టి, మైళ్ళు నడిచి బిందెలు మోసిన మనిషి. గడప దగ్గరికొచ్చిన వాళ్ళకు మొదట అందించేది చెంబెడు నీళ్ళే. అంతకంటే పెద్ద ప్రేమ ఆమెకు తెలియదు.

సోమవారం పొద్దున్నే మత్తయి నంద్యాలలో లూదియా పనిచేసే స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె వచ్చింది. కండువా విప్పగానే గేటు పక్కన అరుగు మీద చతికిలబడి, పుల్లతో మెత్తబడిన తోలును ఒత్తి చూసింది.

"పాతది కుళ్ళింది. లోపల కొత్తది ఇంకా గట్టిగానే ఉండాది," అని గట్టిగా ఊపిరి వదిలింది.

"కొత్తదా? నాకు దొరికేసరికే చస్తాండె గదా."

"చావడం గాదది. ఏడాదికొకసారి దీనికి లోపల కొత్త ఆకులు పుడతాయి. పాత ఆకులు తమ నీళ్ళన్నీ వాటికిచ్చేసి ఎండిపోతాయి. అప్పుడు మనం చుక్క నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే పాతవి దారి ఇడవవు, కొత్తవి పెరగవు." ఆగి, తలెత్తింది. "దొరికేసరికే అంటాండావు. ఎప్పుడు దొరికింది?"

మత్తయి తల దించుకున్నాడు.

"మొన్న శనివారం గాక అంతకుముందు శనివారం నేనడిగితే దొరకలే అంటివే?"

"అప్పుడు జేబులో ఉన్నింది."

"జేబులో పెట్టుకొని అబద్ధం చెప్పినావా?"

"చెప్పినా. ఇది నీ దగ్గరికొస్తే కాయ కాస్తాది. కాస్తే నువ్వు గుంతకల్లుకు పోతావు. అది నాతో గాలేదు లూదియా."

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె మొహంలో ఒక్క క్షణం ఏదో మెత్తగా కదిలి, మళ్ళీ గట్టిపడింది.

"నువ్వు దాచిపెడ్తివి. మీయమ్మ నీళ్ళు పోసె. మా నాయన సంబంధాలు తెచ్చె. అందరికీ ప్రేమే. ఊరికే ఉండి, దీనికి ఏం కావాల్నో చూసేటోళ్ళు మాత్రం ఒక్కరూ లేరు." కండువాలోంచి బతుకురాయిని తన అరచేతిలోకి మార్చుకుంది. "నువ్వు గూడా ఇంగ ఊరికే ఉండు. నేనే చెప్పి పంపిస్తా. పొయ్యిరా."

పో అనలేదు, పొయ్యిరా అంది. నెలల తరబడి మత్తయి ఆ ఒక్క మాటను పట్టుకుని బతికాడు. ఒక్కోరోజు అందులో ఆశ కనిపించేది, ఇంకోరోజు అది ఊళ్ళో అందరూ అందరితో అనే మాటేగా అనిపించేది.

ఊరికే ఉండడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. ఉత్తరం రాయబుద్ధయ్యేది, రాయలేదు. శనివారం బస్సు వచ్చే వేళకు కాళ్ళు రోడ్డువైపు లాగేవి, గదిలోనే కూర్చునేవాడు. రోడ్డు పూర్తయింది. ఎండాకాలం పోయింది, వానలు మొదలయ్యాయి. ప్రతి వానకూ ఆ డబ్బాలను ఆమె పంచలోకి జరిపిందో లేదో అని ఆలోచించేవాడు. జరిపే ఉంటుందనుకుని దుప్పటి కప్పుకునేవాడు. తను లేకపోయినా అక్కడ అన్నీ సరిగ్గానే జరుగుతాయని ఒప్పుకోవడం మొదట బాధగా ఉండేది. పోనుపోను అందులోనే ఏదో నెమ్మది దొరికింది.

దసరా సెలవుల్లో ఒక రోజు మత్తయి శిరివెళ్ళ బస్టాండులో టీ తాగుతుంటే బస్సు ఆగింది. శ్రీనివాసులు తలుపులోంచి వేలాడుతూ కేకేశాడు.

"ఓ రాళ్ళప్పా! టీచరమ్మ నిన్ను రమ్మనింది. మధ్యాన్నమే రావాలంట. పొద్దు వాలితే మూసుకుంటాదంట. ఏంది మూసుకునేది? తలుపా?"

మత్తయి టీ గ్లాసు అక్కడే పెట్టి అదే బస్సెక్కాడు.

పంచలో ఎండ పడేచోట డబ్బాలు రెండూ పక్కపక్కన ఉన్నాయి. రెండింటి చీలికల్లోంచీ పసుపుపచ్చని పువ్వులు పైకొచ్చి విచ్చుకున్నాయి. పువ్వు రాయికంటే పెద్దది. ఏది తను పారేసిందో మత్తయికి తెలియలేదు. రెండూ నున్నగా, నిండుగా ఉన్నాయి.

లూదియా బొమ్మలేసే సన్న బ్రష్‌తో ఒక పువ్వును తాకి, ఆ బ్రష్‌నే రెండోదానికి తాకించింది. జకరయ్య కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"అయితే గుంతకల్లు వాళ్ళకు రాయమంటావా?" అన్నాడాయన.

లూదియా బ్రష్ పక్కన పెట్టింది. "నాయనా, పెండ్లి ఎప్పుడు అనే మాటిచ్చినా. ఎవర్ని అని నువ్వు అడగలే, నేను చెప్పలే."

"ఇప్పుడడుగుతాండా. ఎవర్ని?"

ఆమె మత్తయివైపు చూసింది. అంతే. జకరయ్య కుర్చీ మత్తయివైపు తిప్పుకున్నాడు.

"నువ్వేమంటావప్పా?"

"నేనేమీ అనను సార్," అన్నాడు మత్తయి. "ఊరికే ఉండడం నేర్చుకుంటాండా."

లూదియా ఫక్కున నవ్వింది. ఎనిమిది నెలల కోపం ఆ నవ్వుతో పోయింది. జకరయ్య మాత్రం నవ్వలేదు.

"మాటంటే మాటే. కాయ కాయనీ. ఇత్తనముంటే నీ ఇష్టం. తాలుకాయ అయితే నా ఇష్టం. సరేనా?"

"సరే నాయనా," అంది లూదియా.

పువ్వులు వాడాయి. వాటి అడుగున చిన్న కాయలు మిగిలాయి. చలికాలం వచ్చింది, పాత ఆకులు ముడతలు పడ్డాయి, కొత్తవి తొంగిచూశాయి. ఈసారి మత్తయి శనివారాలు పోయి దూరంగా కూర్చుని చూసేవాడు. ఎవరూ నీళ్ళు పోయలేదు. ఎండాకాలానికి కాయలు ఎండి, గోధుమరంగుకు తిరిగి, బిగదీసుకున్నాయి.

"మీయమ్మను తోడుకొని రా," అని జకరయ్య కబురు పెట్టాడు.

మే నెలలో ఒక ఉదయం సలోమి కొడుకు వెంట ఆళ్ళగడ్డ వచ్చి, పంచలో ఒదిగి కూర్చుంది. ఆ చెట్టును తను చంపబోయిందన్న సంగతి ఆమెను ఇంకా వదల్లేదు. డబ్బాలవైపు చూడటానికే జంకుతోంది. లూదియా ఒక కాయను తుంచి సాసరులో పెట్టి తెచ్చింది. మిరియపు గింజంత, చెక్కలా ఎండి, నోరు మూసుకుని ఉంది.

జకరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "తాలుదో గట్టిదో ఎట్ల తెలుస్తాది? పగలగొడదామా?"

"పగలగొట్టకూడదు నాయనా. ఎడారిలో వాన పడేదాకా ఇది నోరు ఇప్పదు. ఇప్పి లాభం లేదని దానికి తెలుసు." లూదియా చెంబు తెచ్చి సలోమి ముందు పెట్టింది. "అత్తా, మీరు పొయ్యండి. ఒక్క చుక్క."

సలోమి చేతులు కొంగులో దాచుకుంది. "నేనా? వద్దు తల్లీ! ఒకసారి పోసి చేసిన పాపం చాలు."

"నేను మీకంటే ఎక్కువే పోసి చంపినా అత్తా. అప్పుడు వేళ గాదు. ఇప్పుడు వేళ."

సలోమి వేలు చెంబులో ముంచింది. వేలికొసన చుక్క నిలిచింది. సాసరు మీద వంచింది. చుక్క కాయమీద పడింది.

కాసేపటికి కాయ కదిలింది. మూత అంచులు ఒక్కొక్కటే లేచి వెనక్కి వాలాయి. అందరూ చూస్తుండగానే అది నక్షత్రంలా విచ్చుకుంది. జకరయ్య కళ్ళద్దాలు తుడుచుకుని వంగాడు. లోపల గదుల నిండా, ధూళికంటే కొంచెం పెద్దవిగా, విత్తనాలు.

"ఉండాయి," అన్నాడు. ఇంకోసారి చూసి, "శానా ఉండాయి," అన్నాడు.

తల ఎత్తి కూతురివైపు చూసినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి. "మీయమ్మ పోయినాక నేను గూడా నీకు నీళ్ళు ఎక్కువే పోసినట్టుండానమ్మా. భయంతో. పాత ఆకు దారి ఇడవాల గదా." మత్తయివైపు తిరిగి భుజం మీద చెయ్యి వేశాడు. "పాస్టరయ్యకు చెప్తా. ఈ ఆదివారం నుంచే చర్చిలో పెండ్లి ప్రకటనకు మీ ఇద్దరి పేర్లూ చదవమని. గుంతకల్లుకు నేనే పోయి మంచిమాట చెప్పొస్తా."

లూదియా తండ్రి మోకాలి మీద మొహం దాచుకుంది. మత్తయికి ఏం చెయ్యాలో తోచక సాసరు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు, ఈసారి ఒక్క గింజ కూడా కింద పడకుండా.

సలోమి మాత్రం విచ్చుకున్న కాయనే చూస్తోంది. తన చేతి నీళ్ళకు తెరుచుకున్న నోరు. ఆమె మొహమంతా వెలిగిపోయింది. ఆశగా చెంబువైపు చెయ్యి చాపింది.

"పాపం, ఎప్పటి దప్పికో. ఇంకొంచెం పొయ్యనా?"

"వద్దు!" అని ముగ్గురూ ఒక్కసారిగా అరిచారు.